దొరసానమ్మ బొమ్మకు పొక్క

తడిగుడ్డలు

శిల్పం నేర్చుకుంటామని నా దగ్గరికి వచ్చే పిల్లలు మొదటి రోజు ఉలి ఎప్పుడు చేతికిస్తానా అని నా మొహం చూస్తారు. నేను బకెట్టు ఇస్తాను. నా వృత్తి జీవితంలో సగం తడిగుడ్డలు పిండటంలోనే గడిచింది. మట్టి ఆరితే పగులుతుంది, పగిలితే ముక్కు రాలుతుంది, ముక్కు రాలితే బొమ్మ ఎవరిదో వాళ్ళ చుట్టాలందరూ వచ్చి మన మీద పడతారు. కాబట్టి పొద్దున వచ్చీ రాగానే గుడ్డ తడపాలి, ఇంటికి పోతూ మళ్ళీ తడపాలి, క్రిస్మస్ నాడు కొత్తచీర కట్టుకుని వచ్చి కూడా తడపాలి. ప్రేరణా గీరణా ఏమన్నా ఉంటే ఆ మధ్యలో చూసుకోవచ్చు.

ఇది రాయమని నన్ను వేధించింది కూడా మీలాంటి పిల్లలే. ప్రమోషన్ల సంగతి రాయను. వచ్చినవి తక్కువ, రానివాటి గురించి మొదలుపెడితే నా బీపీ పెరుగుతుంది. చేసిన విగ్రహాల గురించి కూడా రాయను. కూడళ్ళలో కాకుల కింద నిలబడి ఉన్నాయి, పోయి చూసుకోండి. నాకు పని నేర్పిన మనిషి గురించీ, ఆమె బొమ్మకు నాచారంలో జరిగిన మర్యాద గురించీ చెబుతాను. ఈ వృత్తిలో మీకు ఎదురయ్యేవన్నీ దాదాపు అందులోనే ఉన్నాయి.

దొరసానమ్మ

మాది జనగామ వైపు పల్లె. మా నాన్న మిల్లులో పని దొరికి ఉప్పల్ వచ్చేశాడు. ఎనభైల్లో నేను ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో చేరి, బొమ్మలు గీయడం కాదు, శిల్పం తీసుకున్నానని చెప్పగానే మా అమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

"రాళ్లు గొట్టనీకి సదువెందుకే? మీ మేనత్త సదువుకోకుంటనే కొట్టింది గదా!"

మేనత్త కొట్టింది రోడ్డు పనిలో కంకర.

చదువు అయిపోయి ఇంట్లో కూర్చుని ఉంటే, మా చర్చి పాస్టరుగారు నన్ను ఉప్పల్ చౌరస్తా వెనక ఉండే ఒక ఇంగ్లీషు ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళారు. పేరు డోరతీ. బస్తీలో ఆ పేరు పలికే ఓపిక ఎవరికీ లేదు, అందరూ దొరసానమ్మ అనేవాళ్ళు. అరవై దాటిన మనిషి, పొడుగు. నేత చీర, దానిమీద జేబులున్న మగవాళ్ళ చొక్కా, నెత్తిన గడ్డిటోపీ. జేబుల్లో ఉలి, కొలతల టేపు, బిస్కెట్లు, పనికిరాని రాళ్ళు ఉండేవి.

ఆమె తెలుగుకు ఇద్దరు గురువులు. ఒకటి పాత తెలుగు బైబిలు, రెండు ఆమె వంటమనిషి. అందుకని మాట గ్రంథంలో మొదలై వంటింట్లో తేలేది. "సుగుణా, నీవు ఏల ఇంత ఆలస్యముగా వచ్చితివి? సోంబేరిదానా!" అనేవారు. మొదట్లో నవ్వు ఆపుకోలేక చచ్చేదాన్ని. తర్వాత తర్వాత నేనే ఇంట్లో "అమ్మా, అన్నము వడ్డింపుము" అని తిట్లు తినడం మొదలుపెట్టాను.

ఆమె కథ నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. ఇంగ్లండులో వయసులో ఉన్నప్పుడు శిల్పం చదివారు, రాయి చెక్కారు, నలుగురితో కలిసి ప్రదర్శనల్లో పెట్టారు. ఆ రోజుల్లో అక్కడి శిల్పులకు కొత్తగా ఒక పిచ్చి పట్టిందట. రాతిని నున్నగా చెక్కి మధ్యలో ఆ వైపు నుంచి ఈ వైపుకు తొలిచేయడం. లోపలి ఖాళీ కూడా బొమ్మలో భాగమేనని వాళ్ళ వాదన. ఆ పిచ్చి ఈమెకు బాగా ఎక్కింది. అంతలో యుద్ధం వచ్చింది, అయిపోయింది, అన్న పోయాడు, ఇల్లు పోయింది. మిషన్ బడిలో డ్రాయింగ్ టీచరుగా మన దేశానికి వచ్చి, ఇక్కడే రిటైరై, ఇక్కడే ఉండిపోయారు.

ఇక్కడ ఆమెకు దొరికిన శిల్పం పని ఏమిటి? సమాధుల మీద శిలువలు, బడి గోడలకు పేరు పలకలు, పోయిన బిషప్పుల తలలు. బిషప్పులకు మధ్యలో రంధ్రాలు పెట్టనివ్వరు కదా. సొంతానికి చేసుకున్న చిన్న చిన్న బొమ్మలన్నీ ఆమె వరండాలో పూలకుండీల మధ్య ఉండేవి. పాలుపోసే ఆవిడ ఒకదాని రంధ్రంలో పాలచెంబు పెట్టిపోయేది.

వేళ్ళ కీళ్ళు ఉబ్బి ఉలి పట్టడం కష్టమవుతున్న ఏడాది, ఒకరోజు వరండాలో కూర్చుని ఉన్నట్టుండి అన్నారు: "సుగుణా, నేను చేసినది ఒక్కటైనను బయట నిలువవలెను. ఎండలో, ధూళిలో, జనులు తిరుగు చోట. అప్పుడు నేను ఊరకుందును." ఆ తర్వాత మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. కానీ ఆ ఏడాదంతా ఆమె చేసిన ప్రతి పనీ దానికోసమేనని నాకు తెలుస్తూనే ఉంది.

కుర్చీలు వేయకండి

ఈ వృత్తిలో ఒక ఆచారం ఉంది, ముందే చెబుతాను. బొమ్మ కంచు పోతకు పోయే ముందు, చేయించుకునేవాళ్ళను పిలిచి మట్టో ప్లాస్టరో చూపించాలి. పెళ్ళిచూపుల కన్నా ఘోరం. పెళ్ళిచూపుల్లో పిల్లకు ముక్కు మార్చమని అడగరు.

పోయిన ఒక హెడ్మాస్టరు గారి తల చేస్తున్నప్పుడు వాళ్ళ ఇంటిల్లిపాదీ వచ్చారు. నేను మర్యాదస్తురాలిని కదా, కుర్చీలు వేశాను, చాయ్ తెప్పించాను. పెద్దకొడుకు నుదురు పెద్దది చేయమన్నాడు. చిన్నకొడుకు నుదురు తనలాగే ఉండాలన్నాడు. కూతురు "మా నాయిన ఎప్పుడూ గిట్ల సీరియస్ ఉండకపోయేటోడు" అని ఏడ్చింది. హెడ్మాస్టరు గారి భార్య కుర్చీలో వెనక్కి వాలి, చాయ్ ఊదుకుంటూ, "ఎవరో గని మంచిగనే ఉన్నడు" అంది.

వాళ్ళు పోయాక దొరసానమ్మ కుర్చీలన్నీ తీసుకెళ్ళి పెరట్లో పడేశారు. "కూర్చుండిన మనుష్యుడు తప్పులు వెదకును. నిలుచున్న మనుష్యుడు ఇంటికి పోవును. బుద్ధిలేనిదానా!" అని నాకు పాఠం చెప్పారు. నా అనుభవంలో ఇంతకన్నా పనికొచ్చే పాఠం నాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు. చాయ్ ఇవ్వండి, తప్పులేదు. నిలబెట్టి ఇవ్వండి.

బిడ్డ ఎక్కడ?

నాచారంలో పిల్లల దగ్గుమందు తయారుచేసే ఒక ఫ్యాక్టరీ ఉండేది. యజమాని రాజేశ్వర్ గారు మెత్తని మనిషి, ఇస్త్రీ మడత నలగని చొక్కా. గేటు దగ్గర తల్లీబిడ్డల కంచు బొమ్మ ఒకటి పెట్టాలని ఆయన కోరిక. ఒక బిషప్పు తల చూసి ముచ్చటపడి, ఆ పని దొరసానమ్మకు అప్పగించారు. పాపం, ఆయన చూసింది బిషప్పును. వరండాలోని బొమ్మలను చూడలేదు.

దొరసానమ్మ నెలల తరబడి చేశారు. ఆమె వేళ్ళు చేయలేనివి నేను చేశాను. నేల మీద కూర్చున్న ఆడమనిషి, తల కొంచెం వంగి, చేతులు రెండూ ముందుకు వచ్చి చుట్టుకున్నట్టు. ఆ చేతులు చుట్టుకున్న చోట, పొట్టకూ ఒడికీ మధ్య, ఆ వైపు నుంచి ఈ వైపుకు పెద్ద గుండ్రని ఖాళీ. దాని అంచును నున్నగా చేయడానికి ఆమె ఎంతసేపు కూర్చునేవారంటే, నాకు విసుగొచ్చి బయటకు పోయి మిర్చి తిని వచ్చేదాన్ని. వచ్చేసరికి అదే అంచు మీద అదే బొటనవేలు.

ప్లాస్టరు నమూనా తయారయ్యాక రాజేశ్వర్ గారిని పిలిచాం. కుర్చీ వేయలేదు. ఆయన బొమ్మ చుట్టూ తిరిగారు. వంగి చూశారు. మళ్ళీ తిరిగారు.

"చాలా బాగుంది మేడమ్. మరి... బిడ్డ ఎక్కడ?"

దొరసానమ్మ ఆ ఖాళీ వైపు వేలు చూపించారు. "అక్కడ."

"అక్కడ... లేడు కదా మేడమ్?"

"బిడ్డ ఆడుకొన వెళ్ళెను," అన్నారు దొరసానమ్మ, ఇంటికి వచ్చిన చుట్టానికి చెప్పినట్టు.

తెల్లదొరసాని, పెద్దవయసు, పైగా బైబిలు భాష. ఆయన ఎదురు చెప్పలేకపోయారు. "ఓహో" అన్నారు. చాయ్ నిలబడే తాగేసి, కారు దాకా నన్ను పిలిచి, గొంతు తగ్గించి అడిగారు: "అమ్మా సుగుణా, వెళ్ళిన పిల్లాడు ఫంక్షన్ లోపు వచ్చే అవకాశం ఏమన్నా ఉందా?"

లేదని చెప్పాను. ఆయన మొహం చూసి నాకే జాలేసింది. అయినా ప్రారంభోత్సవం కార్డులు అచ్చుకు ఇచ్చేశారు కాబట్టి ఊరుకున్నారు. ఇలాంటి ఊరుకోవడాన్ని ఒప్పుకోవడం అనుకోకండి. తర్వాత వచ్చి తగులుకుంటుంది.

యాదగిరి మేలు

మా పోతలు నాచారంలోనే ఒక ఫౌండ్రీలో జరిగేవి. నీళ్ళ పంపుల భాగాలు పోయడం వాళ్ళ అసలు పని. మా బిషప్పులు వాళ్ళకు మధ్యలో వచ్చే కాలక్షేపం. కంచు కరిగించి పోసే రోజు నిమ్మకాయలు కోసి, కొబ్బరికాయ కొట్టి, ఆ తర్వాత ఫౌండ్రీ సేటు దొరసానమ్మ వైపు తిరిగి "మీ దేవునికి గూడ జర చెప్పున్రి అమ్మా" అనేవాడు. ఆమె కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తే కార్మికులందరూ ఆమెన్ అనేవాళ్ళు. పోత బాగా వస్తే అందరి దేవుళ్ళూ సమానమే, రాకపోతే అచ్చులోని ఇసుకది తప్పు.

ఆ ఫౌండ్రీలో యాదగిరి అని ఒక మేస్త్రీ ఉండేవాడు. పోతలో వచ్చిన లోపాలను పూడ్చి, రాకి, నున్నగా చేసి, అసలు లోపమే లేదనిపించడం అతని పని. చెయ్యి గొప్పది, నోరు ఇంకా గొప్పది. "నేను పూడ్చిన పొక్కను ఇంజనీరు గాదు, వాని తాత వచ్చినా దొరకవట్టలేడు" అనేవాడు. పొక్క అంటే రంధ్రం. అదంటే అతనికి పగ. పంపు పోతలో చిన్న పొక్క ఉన్నా కొనేవాడు వెనక్కి పంపుతాడు, వెనక్కి వచ్చిన పోత మళ్ళీ కొలిమిలోకి పోతుంది. అతని ఉద్యోగమంతా పొక్కల మీద యుద్ధమే.

ఖర్మ ఏమిటంటే, మా ప్లాస్టరు నమూనా అక్కడికి వచ్చినప్పుడూ, పోత పోసినప్పుడూ యాదగిరి లేడు. మేనకోడలి పెళ్ళికి భువనగిరి పోయాడు. అతను తిరిగి వచ్చేసరికి అచ్చులు పగలగొట్టారు, ముక్కలు అతికారు, బొమ్మ నిలబడి ఉంది. ఖాళీ అంచున ఒక చోట కంచు సరిగా పారక కొంచెం గరుకుగా, చిరిగినట్టుగా వచ్చింది. అది సోమవారం వచ్చి సరిచేద్దామని చెప్పి మేము పోయాం. సేటు అలవాటు ప్రకారం యాదగిరికి చెప్పాడు: "సోమవారం పార్టీ చూడనీకి వస్తున్నరు. ఒక్క పొక్క కనబడొద్దు."

ఆదివారం మేమిద్దరం చర్చిలో కూర్చుని పాటలు పాడుతున్నాం. యాదగిరి సెలవు మానుకుని ఫౌండ్రీకి వచ్చాడు.

సోమవారం

మేము వెళ్ళేసరికి రాజేశ్వర్ గారు అప్పటికే వచ్చి ఉన్నారు. మొహం వెలిగిపోతోంది.

"అద్భుతం మేడమ్! ఇప్పుడు నిండుగా ఉంది. మీరు నా మనసులో మాట ఎలా కనిపెట్టారు?"

దొరసానమ్మ బొమ్మను చూశారు. నేను చూశాను. ఆ ఖాళీ లేదు. ఆ జాగాలో కంచు రేకు, చుట్టూ అతుకు, అతుకు మీద ఆకురాయి పని, ఆ పైన మెరుగు. నిజం చెప్పాలంటే అంత చక్కని అతుకు పని నేను మళ్ళీ చూడలేదు. తల్లికి నిండు గర్భిణి పొట్ట వచ్చింది.

యాదగిరి చేతులు కట్టుకుని పక్కన నిలబడి ఉన్నాడు. "ఫికర్ జెయ్యకున్రి అమ్మా. లోపల కంచు మాలు పారక ఇంత పెద్ద పొక్క పడ్డది. నేను జూసిన గాబట్టి సరిపోయింది, లేకుంటే మీ ఇజ్జత్ పోతుండె."

దొరసానమ్మ ఆ అతుకు వెంట బొటనవేలు పెట్టి చుట్టూ నడిపించారు.  రాజేశ్వర్ గారు సంతోషంగా యాదగిరి భుజం తట్టి, కారెక్కి వెళ్ళిపోయారు. ఆ కారు గేటు దాటాక ఆమె అన్నారు:

"యాదగిరీ, నీవు ఏల ఇట్లు చేసితివి?"

"మీ మంచికే గదమ్మా!"

"ఆ పొక్కయే నా బొమ్మ!"

యాదగిరి నా వైపు చూశాడు, ఎండకు ఏమన్నా అయిందా అన్నట్టు. నేను వివరించాను. ఖాళీ కూడా బొమ్మలో భాగమనీ, ఇంగ్లండులో అలా చేస్తారనీ, బిడ్డ ఆడుకోవడానికి పోయాడనీ. అంతా విని అతను అన్నాడు: "మరి పొక్క గావాలె అనుకున్నోళ్ళు పంపుల కంపెనీకి పోతే అయిపోతుండె. ఆడ దినాం పడేస్తరు."

ఇప్పుడు అసలు చిక్కు చెబుతాను, ఈ వృత్తిలో ఇది మీకు తప్పక వస్తుంది. బొమ్మను అలాగే ఉంచితే యజమానికి సంతోషం, గేటు దగ్గర నిలబడుతుంది. మళ్ళీ తొలిస్తే ఆయన వద్దంటారు, వద్దంటే సేటు దాన్ని కరిగించి పంపుల్లో పోస్తాడు. నేను ఆమెను పక్కకు పిలిచి బతిమాలాను. "అమ్మా, పోనీండి. నిలబడటమే కదా మీకు కావలసింది? నిలబడనివ్వండి." అది తప్పు సలహా అని ఇప్పటికీ అనుకోను. పొట్టపోసుకునేవాడు ఎవడైనా అదే చెబుతాడు.

"నిలుచునది ఏది, సుగుణా?" అన్నారు ఆమె. "నిలుచునది యాదగిరి చేసినది. నేను చేసినది లోపల చచ్చెను."  

"నువ్వన్నా తొలువు" అని యాదగిరిని అడిగాను. రెండడుగులు వెనక్కి వేశాడు. "నా చేతులతోని మంచి పోతకు పొక్క జేస్తనా? నా ఉద్యోగం పోయినా జెయ్య. పాపం తగులుతది."

దొరసానమ్మ టోపీ తీసి పక్కన పెట్టారు. బల్ల మీది ఉలి, సుత్తి తీసుకుని బొమ్మ ముందు నేల మీద చతికిలబడ్డారు. ఉబ్బిన వేళ్ళతో ఉలి పట్టుకుని కొట్టారు. ఉలి జారింది. మళ్ళీ కొట్టారు. కంచు మీద అడ్డదిడ్డంగా గాట్లు పడుతున్నాయి. ఫౌండ్రీ అంతా పని ఆపి చూస్తోంది. నేను పోయి ఉలి తీసుకోబోతే చెయ్యి విదిలించారు.

యాదగిరి ముందు మొహం తిప్పుకున్నాడు. తర్వాత ఒక కంటితో చూశాడు. ఉలి ఇంకోసారి జారి, మెరుగు పెట్టిన తల్లి మోచేతి మీద గీత పడగానే ఇక తట్టుకోలేకపోయాడు.

"అయ్యో అయ్యో, గట్ల గాదమ్మా! అంచు మొత్తం ఖరాబైతున్నది! పొక్క జేస్తే జేసిన్రు గని, గింత గలీజ్ పొక్క జేస్తరా ఎవలన్న? ఇటియ్యున్రి ఇటు!"

ఉలి లాక్కున్నాడు. అతుకు వెంట వరసగా సన్న రంధ్రాలు పొడిచి, రేకును కోసి తీసి, ఆకురాయి పట్టాడు. సగం పనిలో ఆగి దొరసానమ్మను అడిగాడు: "అంచు గుండ్రంగ గావాల్నా, పదునుగ గావాల్నా?" ఆమె అతని బొటనవేలు పట్టుకుని అంచు మీద నెమ్మదిగా నడిపించి చూపించారు. అతను తల ఊపాడు. సాయంత్రం దాకా ఇద్దరూ ఆ అంచు దగ్గరే కూర్చుని ఒకరినొకరు తిట్టుకుంటూ పనిచేశారు. అయిపోయాక యాదగిరి వెనక్కి జరిగి చూసి, "ఉంటే గిట్లుండాలె పొక్క" అని నాతో అన్నాడు. మరునాటి నుంచి ఆ ఖాళీ తన ఆలోచనే అన్నట్టు మాట్లాడాడు.

యజమానికి ఫోన్ చేయడం నా వంతయింది. నేర్చుకోండి, ఇలాంటివన్నీ అసిస్టెంటు వంతే.

"సార్, ఆ ఖాళీ... మళ్ళీ వచ్చింది."

"ఎక్కడినుంచి వచ్చిందమ్మా?"

దండ కింద

కార్డులు పంచేశారు, ముఖ్య అతిథి ఒప్పుకున్నాడు. రాజేశ్వర్ గారికి ఇక దారిలేదు. బొమ్మను తెచ్చి నిలబెట్టమన్నారు. కానీ నాకు స్పష్టంగా చెప్పారు, ఫంక్షన్ అయ్యాక లారీ వస్తుందనీ, బొమ్మ ఫౌండ్రీకి వెళ్ళి పొక్క పూడ్చుకుని వస్తుందనీ. ఆ మాట దొరసానమ్మకు చెప్పక తప్పలేదు. ఆమె విని, "మంచిది" అని మాత్రం అన్నారు.

గేటు పక్కన ఫ్యాక్టరీ ప్రహరీగోడలో ఒకచోట, రోడ్డు మీద పోయేవాళ్ళకు కనిపించాలని, గోడ తీసేసి ఊచలు పెట్టారు. ఆ సందును నింపుతూ బొమ్మను నిలబెట్టారు. దిమ్మె ఎత్తుగా కట్టొద్దని దొరసానమ్మ పట్టుబట్టడంతో మోకాలి ఎత్తే కట్టారు. లోపలి వైపు చెట్టు నీడన ఒక సిమెంటు బెంచీ వేశారు. ప్రారంభోత్సవం రోజున, రాజేశ్వర్ గారి ముందుచూపు వల్ల, బండి చక్రమంత బంతిపూల దండ బొమ్మ మెడలో పడి ఆ ఖాళీని పూర్తిగా కప్పేసింది. ముఖ్య అతిథి బొమ్మ బాగుందన్నాడు. ఆయన నిజానికి చూసింది బంతిపూలను.

దండ వాడాక ఎవరో తీసిపడేశారు. లారీ రావలసిన రోజు మధ్యాహ్నం దొరసానమ్మ నన్ను పిలిచి, "చివరిసారి చూచి వత్తము" అన్నారు. ఆటోలో వెళ్ళాం. 

మేము వెళ్ళేసరికి షిఫ్టు వదిలారు. ప్యాకింగ్ సెక్షన్ ఆడవాళ్ళు టిఫిన్ డబ్బాలతో ఆ బెంచీ నిండా, కింద గడ్డిలో కూర్చుని ఉన్నారు. ఈమె ఎవరో వాళ్ళకు తెలియదు. పెద్దావిడ కదా అని కొంచెం జరిగి చోటిచ్చారు. దొరసానమ్మ కూర్చుని బొమ్మ వైపు చూస్తూ ఉండిపోయారు. నాకు ఏడుపొస్తోంది, పక్కకు తిరిగి నిలబడ్డాను.

అంతలో వెనక గడ్డిలోంచి ఒక గొంతు: "ఓ పెద్దమ్మా, జర తలకాయ పక్కకు పెట్టరాదు! బస్సు కనబడ్తలేదు."

దొరసానమ్మ వెనక్కి తిరిగారు. మాట్లాడినావిడ పేరు సత్తెమ్మ అని తర్వాత తెలిసింది. "బస్సు ఎక్కడ కనబడును?" అని అడిగారు ఆమె.

"ఎక్కడేంది, గా పొక్కల్నుంచే! దాంట్లకెళ్లి జూస్తే ఉప్పల్ నుంచొచ్చే మూల మలుపు కనబడ్తది. ఇంతకుముందు రోడ్డు మీద ఎండల నిలవడి సచ్చేటోళ్ళం. గోడ గట్టిన్రు, ఏమన్న కనబడ్తదా? ఇప్పుడు సల్లగ నీడల కూసుంటం, బస్సు మలుపు దిరగంగనే ఉరుకుతం."

దొరసానమ్మ వంగి, తన బొమ్మ ఒడిలోంచి బయటకు చూశారు. చూస్తూనే ఉన్నారు.

లారీ వచ్చింది. అందులోంచి యాదగిరి దిగాడు, మొహం వేలాడేసుకుని. వెనకే ఆఫీసులోంచి రాజేశ్వర్ గారు వచ్చారు. తాళ్ళు తీయగానే సత్తెమ్మ లేచింది.

"ఏం జేస్తున్నరు సార్? దీన్ని ఎటు దీస్కపోతున్నరు?"

"బాగు చేయడానికమ్మా. ఆ రంధ్రం పూడ్చి తెస్తారు."

"పూడుస్తరా! మరి మాకు బస్సు ఎట్ల కనబడాలె?"

"గోడలో కిటికీ పెట్టిస్తాను లేమ్మా."

"ఎప్పుడు? క్యాంటీన్ల ఫ్యాన్ పెట్టిస్త అన్నరు, గట్లనా?"

ఆడవాళ్ళందరూ ఒక్కసారి నవ్వారు. యాదగిరికి బలం వచ్చింది. "నేను గూడ అదే అంటున్న సార్. గంత మంచి పొక్క మళ్ళ మళ్ళ రాదు" అన్నాడు. రాజేశ్వర్ గారు సౌందర్యం గురించి, ఫ్యాక్టరీ పేరు గురించి నెమ్మదిగా నచ్చజెప్పడం మొదలుపెట్టారు. అందరూ ఆయన చుట్టూ మూగారు. మలుపు వైపు చూసేవాళ్ళు ఎవరూ లేరు, ఒక్క దొరసానమ్మ తప్ప.

"బస్సు వచ్చుచున్నది!" అని ఆమె కేక పెట్టారు. అంత గట్టి గొంతు ఆమెలో ఉందని నాకు తెలియదు. "పరుగెత్తుడి! పరుగెత్తుడి, సోంబేరులారా!"

డబ్బాలు ఎగిరాయి, చెప్పులు చేతుల్లోకి వచ్చాయి. ప్యాకింగ్ సెక్షన్ మొత్తం గేటు దాటి ఉరికింది. రాజేశ్వర్ గారి మాట సగంలోనే ఉండిపోయింది. బస్సు ఆగిన చప్పుడు, కండక్టరు అరుపు, సత్తెమ్మ ఎవరికోసమో సీటు ఆపుతున్న గొంతు, అన్నీ వినిపించాయి. ఆ తర్వాత ఖాళీ బెంచీ మీద దొరసానమ్మ ఒక్కరే మిగిలారు.

రాజేశ్వర్ గారు బెంచీ దాకా వచ్చారు. ఇస్త్రీ చొక్కా పట్టించుకోకుండా వంగి, ఆ ఖాళీలోంచి తనూ చూశారు. లేచి లారీ డ్రైవరుతో, "తీసుకుపో బాబూ, ఖాళీ బండే తీసుకుపో" అని చెప్పి లోపలికి వెళ్ళిపోయారు. యాదగిరి తాళ్ళు చుట్టుకుంటూ నాకు కన్నుగొట్టాడు.

దొరసానమ్మ ఏడుస్తున్నారు, నవ్వుతున్నారు కూడా. నాకూ అంతే అయింది, సిగ్గేముంది. ఆమె మళ్ళీ ఏ బొమ్మా చేయలేదు. చేయలేకపోయానని బాధపడటం కూడా నేను చూడలేదు.

పొద్దు వాలుతోంది, ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. "లేవండమ్మా, పోదాం" అన్నాను.

ఆమె ఆ ఖాళీ మీంచి చూపు తిప్పలేదు. చేత్తో బెంచీ మీద తట్టి నన్ను పక్కన కూర్చోమన్నారు.

"ఆగుము సుగుణా. ఇంకొక బస్సు రానిమ్ము."